ఆమె ఇంగ్లీషు అర్థం కాలేదన్నారు

మా వదిన పోయింది. పోయిన మంగళవారం ఉదయం నేపర్‌విల్‌లో మా ఇంట్లో, రైలు కోసం స్టేషన్‌కి బయలుదేరుతూ బూట్లు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. అన్నయ్య. "చెల్లీ, మీ వదిన వెళ్ళిపోయిందే" అన్నాడు. తరవాత, "నేను దగ్గరే ఉన్నాను" అన్నాడు. ఆ రెండో మాట నాకు చెప్పినట్టు లేదు, తనకి తను చెప్పుకున్నట్టుంది. ఆ రోజు చికాగో రైలెక్కలేదు. కారు తీసుకుని మిషిగన్‌లో అన్నయ్యవాళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్ వెళ్ళిపోయాను. దారంతా మంచే.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆమె కమ్యూనిటీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆంటీగా తెలుసు. ఆదివారం మధ్యాహ్నం మన తెలుగు ఆరాధనలో బైబిల్ వాక్యం చదివే ఆంటీగా తెలుసు. అంతకుముందు ఆమె ఏ ఉద్యోగం చేసేదో, అది ఎందుకు పోయిందో తెలిసినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళు ఆ సంగతి ఎత్తరు. నేను ఎత్తబోయినప్పుడల్లా వదిన, "ఇప్పుడెందుకులే అమ్మడూ" అనేది. అలా అనడానికి ఇప్పుడు ఆమె లేదు. అందుకే రాస్తున్నాను.

గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఆమె ఫిజిక్స్ లెక్చరర్. అన్నయ్యకి ఇక్కడ కార్ల కంపెనీలో డ్రాయింగులు వేసే పని దొరికినప్పుడు, డెబ్బైల చివర్లో, పసిపిల్లని చంకనేసుకుని మిషిగన్ వచ్చింది. ఇంట్లో కూర్చోవడం ఆమెకి చేతకాని పని. పాప నడక నేర్చేలోపే ఉద్యోగం వెతుక్కుంది. చుట్టూ అందరూ కార్లు చేస్తుంటే ఆమె చేరిన ఫ్యాక్టరీ మాత్రం విమానాలకి కాళ్ళు చేసేది. కాళ్ళంటే, దిగేటప్పుడు చక్రాల మీదుగా విమానం బరువంతా మోసే ఉక్కు భాగాలు. పెద్ద విమానాలవి కాదు. ఊరికీ ఊరికీ మధ్య పదిమందిని, ఇరవైమందిని తీసుకెళ్ళే చిన్న విమానాలవి.

వదిన పని ఆ ఉక్కులో పగుళ్ళు వెతకడం. నేను డెట్రాయిట్‌లో మాస్టర్స్ చేస్తూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని కాబట్టి, రాత్రి భోజనాల దగ్గర ఆ పని గురించి వినివిని నాకే ఉద్యోగం ఇచ్చినా చేయగలననిపించేది. ముక్కని అయస్కాంతం చేసి, దానిమీద మెరిసే పొడి కలిపిన ద్రవం పోసి, చీకటి గదిలో ఊదారంగు దీపం కింద తిప్పి చూస్తారు. వెంట్రుకంత పగులున్నా అక్కడ ఆకుపచ్చగా గీత వెలుగుతుంది. పగులు లేకపోతే ఏమీ వెలగదు. "రోజంతా ఏమీ కనపడలేదంటే మంచి రోజన్నమాట" అనేది. ఆ గదిలోకి వెళ్ళగానే పని మొదలుపెట్టకూడదు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఊరికే కూర్చోవాలి. "జీతమిచ్చి ఊరికే కూర్చోబెట్టేది నన్నొక్కదాన్నే" అని నవ్వేది. ఆ ఊరికే కూర్చోవడాన్ని మాత్రం ఎవరు తొందరపెట్టినా తగ్గించేది కాదు.

ఆ పని నేర్పింది అక్కడి క్వాలిటీ మేనేజర్. తెల్లటి మీసాలు, పెద్ద గొంతు, ఎవరినైనా నవ్వించే మనిషి. వదినకి ఆయన మేనేజర్ మాత్రమే కాదు. ఫ్యాక్టరీ పార్కింగ్ స్థలంలో తన కారిచ్చి డ్రైవింగ్ నేర్పించాడు. మొదటి చలికాలం ఆమె పల్చటి స్వెట్టర్‌తో రావడం చూసి, వాళ్ళావిడ కోటు తెచ్చి ఇచ్చాడు. క్రిస్మస్‌కి భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చేవారు. కోడికూరలో గారెలు ముంచుకు తింటూ, "ఈ ఉప్పు డోనట్లు మా ఊళ్ళో ఎందుకు లేవు?" అనేవాడు. వదిన ఆయనకి గుంటూరు కాలేజీ కబుర్లు చెప్పేది, ప్రిన్సిపాల్‌ని అనుకరించి చూపించేది. ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాడు. ఇదంతా ఇంగ్లీషులోనే. ఒక్క మాట మళ్ళీ చెప్పమని ఆయన అడగడం నేనెప్పుడూ వినలేదు. పాఠకులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

"ముక్కకి మన తొందర తెలియదు" అన్నది ఆయన మాటే. వదిన దాన్ని తెలుగు చేసి ఇంట్లో అందరి మీదా వాడేది. అన్నం ఉడికిందో లేదో చూడకుండా దించబోతే, "బియ్యానికి నీ తొందర తెలియదమ్మడూ" అనేది.

ఒక ఏడాది నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ వారంలో ఫ్యాక్టరీలో ఓవెన్ చెడిపోయింది. ఓవెన్ ఎందుకంటే, ఆ ఉక్కు భాగాలకి తుప్పు పట్టకుండా పూత వేస్తారు. వేసేటప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. తరవాత ఓవెన్‌లో పెట్టి దాదాపు ఒక రోజంతా వేడిచేస్తే అది బయటికి పోతుంది. వేడి చాలకపోతే ముక్క ఇవాళ దీపం కింద శుభ్రంగానే కనిపిస్తుంది. కొన్ని వారాలకో నెలలకో, బరువు మోస్తూ ఉండగా, లోపల్నుంచి పగులుతుంది. "లోపల జ్వరం పెట్టుకుని నవ్వుతూ పనికొచ్చిన మనిషిలాంటిది" అని వదిన నాకు చెప్పింది.

ఓవెన్ మధ్యలో ఆగిపోయింది. బాగుచేసేసరికి సరుకు పంపే గడువు దగ్గరపడింది. సగం వేడి తిన్న ముక్కల్ని బయటికి తీసి వదిన బల్ల దగ్గర పెట్టారు. ఆమె వాటిని దీపం దాకా కూడా తీసుకెళ్ళలేదు. అన్నింటికీ ఎర్ర చీటీలు కట్టింది. ఎర్ర చీటీ ఉంటే ఆ ముక్క కదలకూడదు. నేరుగా మేనేజర్ గదికి వెళ్ళి, "వీటికి నేను స్టాంప్ వెయ్యను. మళ్ళీ మొదటి నుంచి వేడిచెయ్యాలి" అని చెప్పింది. తనిఖీ చేసిన ప్రతి ముక్క మీదా చేసినవాళ్ళ నంబరు పడేలా అక్కడ ఒక్కొక్కరికీ ఒక చిన్న స్టాంప్ ఉండేది. పని అయ్యాక అందరూ దాన్ని మేనేజర్ బీరువాలో పెట్టి వెళ్ళాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భోజనం వడ్డిస్తూ చెప్పింది. అన్నయ్య, "కోప్పడ్డాడా?" అని అడిగాడు.

"లేదండీ. నువ్వు కరెక్ట్‌గా చేశావన్నాడు. నీ స్టాంప్ ఇచ్చేసి ఇంటికెళ్ళి సెలవు హాయిగా గడుపు, నేను చూసుకుంటానన్నాడు. అలాంటి బాస్ దొరకడం అదృష్టం."

సెలవులయ్యాక వెళ్ళేసరికి ఆ ముక్కలు లేవు. అడిగింది. "నేనే దగ్గరుండి మళ్ళీ ఓవెన్‌లో పెట్టించాను. ఇంకొక ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించి చూపించాను. వెళ్ళిపోయాయి. నా మాట నమ్ము" అన్నాడు. నమ్మింది. ఓవెన్ దగ్గర పనిచేసేవాళ్ళని ఒక్కమాట అడిగితే తెలిసిపోయేది. అడగాలని కూడా ఆమెకి తోచలేదు. ఇంకొకరిని అడిగి సరిచూసుకోవలసిన మాట కాదు ఆయనది మరి.

తరవాతి చలికాలంలో ఒక చిన్న విమానం మంచు పడుతున్న రన్‌వే మీద దిగుతుండగా ఒక కాలు విరిగింది. విమానం పక్కకి జారి, ఒరిగి, ఒక షెడ్డుకి కొట్టుకుంది. ప్రయాణికులకి దెబ్బలు తగిలాయి. కోపైలట్ చనిపోయాడు. చిన్నవాడు, పెళ్ళి కూడా కాలేదు. టీవీలో ఆ వార్త మేమందరం కలిసి చూశాం. వదిన, "అయ్యో ప్రభువా" అంది. తరవాత లేచి పాపకి పాలు కలపడానికి వెళ్ళింది.

కొన్ని వారాలకి ఫ్యాక్టరీకి ప్రభుత్వం తరఫున విచారణ చేసేవాళ్ళు వచ్చారు. వదినని గదిలోకి పిలిచి, విరిగిన కాలు ఫొటో ముందు పెట్టారు. ఉక్కు మీద చిన్న గుండ్రటి ముద్ర. ఆ ముద్రలో వదిన నంబరు.

ఇంటికొచ్చి కోటు విప్పకుండా సోఫాలో కూర్చుంది. నేను కాఫీ తెస్తే కప్పు పట్టుకుంది గానీ తాగలేదు. "నా స్టాంపే అమ్మడూ. నా స్టాంపు తీసి వేశారు. సొంతది వేసుకోవచ్చుగా. ఆయనకీ ఒకటి ఉంది" అంది. కప్పు బల్ల మీద పెట్టేసి, "నాకు డ్రైవింగ్ నేర్పించిన మనిషే" అంది.

మర్నాడు ఆయన గదికి వెళ్ళింది. ఆయన బల్ల మీద నుంచి తల ఎత్తకుండా, "లాయర్లు మాట్లాడొద్దన్నారు" అన్నాడట. అంతే. ఆ లాయర్లే తరవాత ఆమెని పిలిచి, పొరపాటున స్టాంప్ వేశానని ఒప్పుకుంటే కంపెనీ అండగా ఉంటుందని, ఉద్యోగానికి ఢోకా లేదని, వేరే డిపార్ట్‌మెంట్‌కి మారుస్తామని చెప్పారు. "నేను వెయ్యలేదు" అంది. ఇంకోసారి ఆలోచించుకోమన్నారు. "ఆలోచించినా నేను వెయ్యలేదు" అంది.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఆరాధన అయ్యాక ఒక పెద్దమనిషి అన్నయ్యని పక్కకి పిలిచి, "కంపెనీలతో గొడవెందుకండీ మనకి? రేపు మన పిల్లలు అప్లై చేసినప్పుడు గుర్తుపెట్టుకుంటారు. మీ ఆవిడగారికి కాస్త నచ్చజెప్పండి" అన్నాడు. అన్నయ్య నెమ్మదైన మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. ఆ రోజు మాత్రం, "మీ అబ్బాయి ఆ విమానంలో ఉంటే ఇలాగే చెబుతారా అంకుల్?" అనేసి కారెక్కాడు. ఆ తరవాత కొన్ని నెలలు మేం ఆరాధనకి వెళితే మా బెంచీ మీద మా కుటుంబమే ఉండేది.

విచారణ ఒక హోటల్ హాల్లో జరిగింది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అన్నయ్యకి సెలవు దొరక్క నేను వదినతో వెళ్ళాను. ముదురు నీలం పట్టుచీర కట్టుకుంది, పైన మేనేజర్ తెచ్చిచ్చిన కోటు కాదు, కొత్తగా కొనుక్కున్న కోటు. ఆమె వంతు వచ్చినప్పుడు ఓవెన్ గురించి, ఎర్ర చీటీల గురించి, బీరువా గురించి ఒకదాని తరవాత ఒకటి చెప్పింది. కాలేజీలో పాఠం చెప్పినట్టే చెప్పింది. ఎర్ర చీటీలు ఎక్కడున్నాయని అడిగారు. "నాకు తెలియదు. నేను కట్టినప్పుడు ఉన్నాయి" అంది.

తరవాత మేనేజర్ వచ్చాడు. ఆమె మీ దగ్గరకి వచ్చి అభ్యంతరం చెప్పిందా అని అడిగారు.

ఆయన మీసం సవరించుకున్నాడు. "వచ్చి ఏదో చెప్పి ఉండవచ్చు. మంచి మనిషి, కష్టపడి పనిచేసేది. కానీ నిజం చెప్పాలంటే, ఆమె ఇంగ్లీషు నాకు సరిగ్గా అర్థమయ్యేది కాదు. ఆ యాస. ఎక్కడో ఏదో అపార్థం జరిగి ఉంటుంది" అన్నాడు.

చాలా జాలిగా అన్నాడు. అదే నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అబద్ధాలకోరు అని ఉంటే వదిన లేచి జవాబు చెప్పేది. అర్థం కాలేదన్న మనిషికి జవాబు ఏ భాషలో చెబుతారు? నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఆయనవైపే చూస్తోంది. ఆయన మాత్రం కుర్చీ దిగి వెళ్ళేదాకా మావైపు చూడలేదు.

విరామంలో మేం నడవలో నీళ్ళ దగ్గర నిలబడి ఉంటే నెరిసిన జుట్టు అమెరికన్ ఆవిడ ఒకామె వచ్చింది. చేతిలో రుమాలు నలిపి నలిపి ముద్దయింది. ఆమెని హాల్లో మొదటి వరసలో చూశాను. చనిపోయిన కోపైలట్ తల్లి. వదిన ఒక అడుగు వెనక్కి వేసింది. కొడుకు ప్రాణం తీసిన ఉక్కు మీద ఉన్నది తన నంబరు కదా.

"నువ్వు చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది" అంది ఆవిడ. "నేను కాలేజీకి వెళ్ళినదాన్ని కాదు. ఓవెన్ సంగతి కూడా అర్థమైంది."

వదిన అప్పుడు ఏడ్చింది. ఆ వ్యవహారం మొత్తంలో నేను చూసింది ఆ ఒక్కసారే.

న్యాయం జరిగిందా అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియదు. ఉక్కు ముక్కని కోసి చూసినవాళ్ళు వేడి చాలకే అది పగిలిందని తేల్చారు. వదిన చెప్పిందే తేలింది. ఆ విడతలో వెళ్ళిన భాగాలన్నింటినీ విమానాల నుంచి విప్పించి మార్పించారు. అందువల్ల ఎంతమంది బతికారో వాళ్ళకే తెలియదు. తప్పు "పద్ధతులది" అన్నారు. మనుషుల పేర్లు ఎక్కడా రాలేదు. కంపెనీ బాధిత కుటుంబాలతో కోర్టు బయట రాజీ పడింది, తప్పు ఒప్పుకోకుండానే. వదిన తప్పు చేసిందని ఎవరూ అనలేదు. చేయలేదని కూడా అనలేదు. పని తగ్గిందంటూ కొద్ది నెలలకి తీసేసిన వాళ్ళలో ఆమె ఉంది. మేనేజర్ ఆ తరవాత గౌరవంగా రిటైరయ్యాడు. ఫ్యాక్టరీలో పెద్ద విందు చేశారని విన్నాం.

విచారణ రోజు నుంచి వదిన మాటకి ఒక తోక మొలిచింది. బ్యాంకులో, పాప స్కూల్లో, హాంబర్గర్ కొట్టు కిటికీ దగ్గర కూడా, ఇంగ్లీషులో ఏది చెప్పినా చివర, "నేను చెప్పింది క్లియర్‌గా ఉందా?" అని అడిగేది. అడిగి ఎదుటి మొహంలోకి చూసేది. మా ముందు అడిగినప్పుడు అన్నయ్య తల తిప్పుకునేవాడు. ఇంట్లో తెలుగులో అయితే ఇంకో ప్రశ్న. "స్టవ్ ఆపేశాను వదినా" అంటే, "చూశావా, ఆపాననుకుంటున్నావా?" నేను మళ్ళీ వెళ్ళి చూసి వచ్చేదాన్ని. విసుగనిపించేది. ఆ ప్రశ్న నాకు కాదు, ఆయన మాట నమ్మి ఓవెన్ దాకా నడవని తనకే వేసుకుంటోందని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఒకసారి కిరాణా సూపర్‌మార్కెట్‌లో పాలసీసాల దగ్గర ఆ మేనేజర్ ఎదురయ్యాడు. నేను పక్కనే ఉన్నాను. ముసలివాడయ్యాడు. సరుకుల బండి ఆపి, "ఎలా ఉన్నావమ్మా? అప్పటి పరిస్థితులు నీకు తెలుసు కదా. అక్కడ పనిచేసే అందరి ఇళ్ళూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి" అన్నాడు.

వదిన ఆయన కళ్ళలోకి చూసి, చాలా మర్యాదగా, తెలుగులో మాట్లాడింది. "మీరు మా ఇంట్లో అన్నం తిన్నారు. మీ ఆవిడ కోటు వేసుకుని రెండు చలికాలాలు బతికాను. మీరు చేసినదాన్ని దేవుడు క్షమిస్తాడేమో, అది ఆయన ఇష్టం. నాకు మాత్రం ఇంకా చేతకావడం లేదు. ఒక పిల్లాడు చచ్చిపోయాడండీ. మీరు నన్ను బలిపెట్టింది దానికంటే చిన్నది, కానీ రోజూ నొప్పిగానే ఉంటుంది. వెళ్ళొస్తాను."

ఆయన మొహంలో ఒక పిచ్చి నవ్వు నిలిచిపోయింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈసారి నిజంగానే.

కారులో కూర్చున్నాక, "అదేంటి వదినా, తెలుగులో?" అన్నాను. "ఇంగ్లీషులో చెబితే మళ్ళీ అర్థం కాలేదంటాడు. రెండుసార్లు వినలేను" అంది. తరవాత కారు స్టార్ట్ చేసి, అద్దంలో చూసుకుని, మళ్ళీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని రివర్స్ చేసింది.

ఫిజిక్స్ చెప్పడం ఆమెని కొంత నిలబెట్టింది. పగలంతా గ్యారేజీల్లో, వంటశాలల్లో పనిచేసి సాయంత్రం క్లాసుకి వచ్చేవాళ్ళు ఆమె విద్యార్థులు. పాఠం మధ్యలో "క్లియర్‌గా ఉందా?" అంటే క్లాసంతా ఒక్క గొంతుతో "క్లియర్!" అని అరిచేవారట. మొదట్లో వాళ్ళు ఎగతాళి చేస్తున్నారనుకుందట. తరవాత ఆ అరుపు కోసమే అడిగేదాన్నని నాతో చెప్పింది. కాలేజీలో ఆమె ప్రయోగశాలకి వెళితే ఏ మీటరూ పాతది కాదు, ఏ తీగా తెగి ఉండదు. విద్యార్థి ఇష్టంవచ్చిన అంకె వేసుకొస్తే కోప్పడేది కాదు. "చూడకుండా చూశానని రాయకు. నీకు కనపడనిది కనపడలేదని రాయి, దానికీ మార్కులు వేస్తాను" అనేది.

ఆఖరి రోజుల్లో మందుల మత్తులో కూడా నర్సు సూది వేయబోతే, "ఏం మందో చదివి చెప్పమ్మా" అనేదని అన్నయ్య చెప్పాడు. నర్సు విసుక్కోకుండా చదివి చెప్పేదట. ఆ నర్సుకి ఈ పత్రిక అందదు. అయినా ఇక్కడ ఆమెకి కృతజ్ఞత చెబుతున్నాను.

నాకు వదిన నేర్పినవి చాలా ఉన్నాయి. కోపాన్ని దాచుకోమని మాత్రం నేర్పలేదు. క్షమించేశానని చెప్పుకుంటే వినేవాళ్ళకి హాయిగా ఉంటుంది. ఆమె అలా ఒక్కసారి కూడా చెప్పలేదు. ప్రభువు ప్రార్థనలో, మాకు అపరాధం చేసినవాళ్ళని మేం క్షమిస్తున్నట్టు అనే మాట దగ్గర నోరు మూసుకునేది, పక్కన నిలబడి నేను గమనించేదాన్ని. ఆమె పోయింది కాబట్టి ఆమె తరఫున నేను క్షమించేయడం కూడా సరి కాదు.

శనివారం అంత్యక్రియల ఆరాధన జరిగింది. హాలు నిండిపోయింది. అప్పట్లో మా బెంచీకి దూరంగా కూర్చున్నవాళ్ళు కూడా వచ్చారు. వెనక వరసల్లో కాలేజీ విద్యార్థులు నిలబడ్డారు. మేనేజర్ దగ్గర్నుంచి పూలు వచ్చాయి. అన్నయ్య చీటీ చదివి, వాటిని తీసుకెళ్ళి బయట నడవలో పెట్టి వచ్చాడు.

పాట మొదలవబోతుంటే తలుపు తెరుచుకుంది. కోపైలట్ తల్లి. అన్నయ్య కబురు అందుకుని ఒహాయో నుంచి ఆ మంచులో ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. అన్నయ్య ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని మా బెంచీ దగ్గరకే తీసుకొచ్చాడు. వదిన చంకలో ఈ దేశం వచ్చి ఇక్కడే పెరిగిన మా మేనకోడలు జరిగి చోటిచ్చి, తన పాటల పుస్తకం ఆవిడ ముందు తెరిచింది. అందరం లేచాం. మేనకోడలు తన అమెరికన్ యాసతో తెలుగు పాడుతూ, పాడుతున్న వరస కింద వేలు జరుపుకుంటూ పోతోంది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ వేలి వెంటే తల కదుపుతోంది, రాని అక్షరాల మీద పెదాలు కదుపుతోంది. టోపీ మీద మంచు కరిగి ఒక్కొక్క చుక్కే పుస్తకం మీద పడుతోంది. తుడవాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.